గుడి ఊళ్లో పక్కింటివారికి యేసు గురించి చెప్పడం: తిరుపతి విశ్వాసికి ఒక సమగ్ర మార్గదర్శి

మా సంఘంలో యువజనులకు ఏటా వేసవిలో ఒక తరగతి చెబుతుంటాను. మొదటి రోజు రెండు ప్రశ్నలు అడుగుతాను. "గత నెలలో ఫోనులో వాక్యం స్టేటస్ పెట్టినవాళ్లు ఎందరు?" అన్ని చేతులూ లేస్తాయి. "గత నెలలో మీ విశ్వాసం గురించి పక్కింటివాళ్లు మిమ్మల్ని ఏమైనా అడిగారా?" ఒక్క చెయ్యి కూడా లేవదు. తరగతి మొత్తం ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పేతురు తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, మీ నిరీక్షణకు కారణం ఏమిటని అడిగే ప్రతివారికీ సాత్వికంతో, భయంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. మనవాళ్లు ఈ వాక్యంలో "జవాబు చెప్పడం" మీద గంట ప్రసంగం చేస్తారు. "అడిగే" అన్న మాట దగ్గర ఎవరూ ఆగరు. అడగాలంటే మన బతుకులో ఏదో ఒకటి ఎదుటివారికి వింతగా కనిపించాలి. అడిగినప్పుడు తడబడకుండా, తగ్గకుండా, దబాయించకుండా చెప్పగలగాలి. నేను ప్రభుత్వ పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నదాన్ని. ఇక్కడ రాసేదంతా ఆ తరగతిలో చెప్పేదే. ఇందులో సగం నేను చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నది.

మొదటి మెట్టు: ఎక్కడ మాట్లాడకూడదో తెలుసుకోండి

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను అందరికీ ఇచ్చింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులూ అక్కడే పెట్టింది. 1977లో స్టెనిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది: నీ విశ్వాసాన్ని వివరించే హక్కు నీకుంది, ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదు. ఈ తీర్పు మనకు వ్యతిరేకమని కొందరు సోదరులు బాధపడతారు. నాకలా అనిపించదు. మనిషి మనసు మార్చేది దేవుడని నమ్మేవాళ్లకు, ఆ పని మీది కాదని కోర్టు చెబితే నష్టమేమిటి?

తిరుమల సంగతి వేరు. ప్రార్థనా స్థలాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. తిరుమల కొండలు దాని పరిధిలో ఉన్నాయి. కొండ మీదికి కరపత్రం తీసుకెళ్లవద్దు. పెద్ద అక్షరాల వాక్యం ఉన్న చొక్కాతో వెళ్లవద్దు. కొండ మీద పనిచేసే డ్రైవరైనా, ఎలక్ట్రీషియనైనా డ్యూటీలో నోరు మెదపవద్దు. అలిపిరి దగ్గర మెట్లెక్కబోతున్నవారిని ఆపి మాట్లాడటం నేరమా కాదా అన్న చర్చకు నేను దిగను. వందల మైళ్ల నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషి చేతిలో కరపత్రం పెట్టడం మర్యాద కాదు, అంతే. క్రిస్మస్ రోజున మన చర్చి గేటు దగ్గర ఇంకొకరు అదే పని చేస్తే మనకెలా ఉంటుంది?

ప్రభుత్వ బడి, ప్రభుత్వ కార్యాలయం కూడా ఆ కోవలోవే. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణం చెబుతోంది. నా సర్వీసులో పిల్లలకు ఒక్క బైబిలు కథ చెప్పలేదు. పదో తరగతి పరీక్షల రోజుల్లో పిల్లలే వచ్చి "టీచర్, మా కోసం ప్రార్థన చేయండి" అంటే, "ఇంట్లో చేస్తాను, నువ్వు సంధులు చదువుకో" అనేదాన్ని.

గుడి ఊళ్లో ఉన్నాం కాబట్టి మనకు చేతులు కట్టేశారని వాపోయేవాళ్లకు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదవమని చెబుతాను. ఎఫెసు కూడా గుడి ఊరే. అర్తెమి దేవి ఆలయం, దాని మీద బతికే వెండిపనివారు, దూర ప్రాంతాల నుంచి వచ్చే భక్తులు. పౌలు అక్కడ రెండేళ్లకు పైగా ఉన్నాడు. చివరికి పెద్ద గొడవ లేచింది. అప్పుడు ఊరి కరణం (తెలుగు బైబిలు అతన్ని కరణం అనే అంటుంది, నాకు ఆ మాట భలే ఇష్టం) జనం ముందు నిలబడి, వీళ్లు గుడిని దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారు అని చెప్పాడు. ఆ మాట అన్నది విశ్వాసి కాడు, ఊరి అధికారి. మన గురించి మన వీధి కార్పొరేటరు అలా చెప్పగలడా? ఈ మెట్టు దాటారా లేదా అన్నది ఆ ప్రశ్నతో తేల్చుకోండి.

రెండో మెట్టు: ముందు మీ ఇంటి చప్పుడు తగ్గించండి

గృహ కూటం పెట్టుకుంటే మైకు వద్దు. పన్నెండు మంది కూర్చున్న హాలులో మైకు ఎవరి కోసం? రాత్రి పది దాటాక డప్పులు, కేకలు వద్దు. పక్కింట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటే ఉపవాస ప్రార్థనను ఆమె పరీక్షలయ్యాక పెట్టుకోండి. పెట్టుకున్నా గొంతు తగ్గించండి. దేవుడికి వినబడుతుంది.

వచ్చినవాళ్ల బండ్లు ఎదురింటి గేటుకు అడ్డంగా పెట్టనివ్వకండి. కిరాణా కొట్టులో ఖాతా నెల తిరిగేలోగా తీర్చండి. చీటీ పాడుకున్న తర్వాత వాయిదాలు ఎగ్గొట్టిన విశ్వాసి ఒక్కడు ఉంటే చాలు, ఆ వీధిలో పదేళ్లు ఎవరూ మన మాట వినరు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వాక్యాలు పెట్టవద్దు. అది నీళ్ల ట్యాంకరు గురించి, లిఫ్టు గురించి పెట్టుకున్న గ్రూపు.

మూడో మెట్టు: సాక్ష్యం రాసుకోండి, తర్వాత సగం కొట్టేయండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మా తరగతిలో దీనికే మూడు వారాలు తీసుకుంటాం.

"మీరెందుకు చర్చికి వెళతారు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది ఆదివారం విన్నదే అప్పజెబుతారు. ఒక అబ్బాయి మొదటి వారం రాసుకొచ్చిన సాక్ష్యం ఇలా మొదలైంది: "పాపపు ఊబిలో పడి నశించిపోతున్న నన్ను ప్రభువు తన అమూల్యమైన రక్తము ద్వారా విమోచించి..." ఎవరి జీవితానికైనా సరిపోయే వాక్యం అది, కాబట్టి ఎవరి జీవితమూ కాదు. "బాబూ, ఇందులో నువ్వెక్కడున్నావు? ఏ ఊరు, ఏ రోజు, ఎవరితో ఏమైంది?" అని అడిగాను. అప్పుడు చెప్పాడు: ఇంజినీరింగ్‌లో పద్నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయాయని, ఇంట్లో అబద్ధం చెప్పి రెండేళ్లు గడిపానని, ఒక రాత్రి నాన్నను నిద్రలేపి నిజం చెప్పానని. "ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది?" అని ఎవరైనా అడిగితే ఇక యేసు పేరు దానంతట అదే వస్తుంది.

నా సాక్ష్యం కూడా చెబుతాను. మాది చిత్తూరు దగ్గర పల్లె. నాన్న పోయాక మామిడి తోట వాటా దగ్గర మా అన్నతో గొడవ వచ్చింది. ఏడేళ్లు మాట్లాడుకోలేదు. ఒక ఆదివారం బల్ల ఆరాధనలో పాస్టరు గారు మత్తయి ఐదో అధ్యాయం చదివారు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, ఆ అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పిన చోటు. రొట్టె, ద్రాక్షారసం నా వరుస దాకా రాకముందే లేచి బయటికి వచ్చాను. బస్టాండుకు వెళ్లి చిత్తూరు బస్సెక్కాను. రెండు గంటల ప్రయాణంలో ఏం మాట్లాడాలో పదిసార్లు అనుకున్నాను. తీరా అన్న గుమ్మంలో నన్ను చూసి "ఎండలో వచ్చావా?" అన్నాడు. వదిన మజ్జిగ ఇచ్చింది. తోట మాట ఎవరూ ఎత్తలేదు. వచ్చేటప్పుడు ఒక బుట్ట కాయలు బస్సులో పెట్టించాడు. ఇది చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. దర్శనాలు లేవు, అద్భుతాలు లేవు. విన్నవాళ్లలో సగం మంది తమ ఇంటి గొడవ చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు నేను చేయాల్సింది వినడం.

రాసుకునేటప్పుడు కొన్ని పరీక్షలు పెట్టుకోండి. మూడు నిమిషాలు దాటకూడదు. అందులో ఒక స్థలం, ఒక మనిషి, ఒక పని ఉండాలి. మీరు మారకముందు ఎంత చెడ్డవారో పెంచి చెప్పకండి. మా వాళ్లలో కొందరు తాగుడు గురించి చెప్పేటప్పుడు సీసాల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. ఇంకా మారని సంగతి ఒకటి ఒప్పుకోండి. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, ఆ మాట నేనే చెబుతాను. మీ పాత మతాన్ని, మీ అత్తవారి పూజగదిని చిన్నచేసే ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. చివరగా, క్రైస్తవులు కాని ఒక స్నేహితుడికి చదివి వినిపించి "ఎక్కడ అర్థం కాలేదు?" అని అడగండి. అతను వేలు పెట్టిన చోటల్లా మార్చండి.

నాలుగో మెట్టు: సంఘం మాటలను ఇంటి మాటల్లోకి మార్చుకోండి

మనకు తెలియకుండానే మనది వేరే భాష అయిపోయింది. "మీరు రక్షింపబడ్డారా?" అని మా సంఘం సోదరుడొకరు బస్సులో ఒక పెద్దాయనను అడిగాడు. ఆయన కంగారుపడి "ఎందుకు నాయనా, ఏమైంది?" అన్నారట. "నాకు మీ ఆత్మ గురించి భారం ఉంది" అంటే వినేవాడికి అది బెదిరింపులా ఉంటుంది. "ఆత్మల సంపాదన" అనేది చీటీల కంపెనీ మాటలా ఉంటుంది. "అన్యులు" అన్న పదాన్ని ఇంట్లో కూడా వాడటం మానేయండి. నోటికి అలవాటైనది వీధిలో జారుతుంది. ముప్పై ఏళ్లుగా మీ పిల్లలకు ఉగాది పచ్చడి పెట్టిన ఆమె మీకు అన్యురాలు ఎలా అవుతుంది?

రక్షణ అనే చోట "దేవుడు నన్ను వదిలిపెట్టలేదు" అనండి. మారుమనస్సు అంటే "దారి తప్పానని తెలిసి వెనక్కి తిరగడం". కృప అంటే "నేను సంపాదించుకోనిది, ఊరికే దొరికినది". సిలువ గురించి చెప్పాలంటే సిద్ధాంతం కన్నా కథ చెప్పడం మేలు: తనను మేకులు కొట్టి చంపుతున్నవాళ్లను క్షమించమని తండ్రిని వేడుకున్న మనిషి. మనవాళ్లకు కథ వినడం తెలుసు. హరికథలు, బుర్రకథలు విన్న జాతి మనది. పురుషోత్తమ చౌదరి (1803–1890) ఈ సంగతి మనకంటే ముందే గ్రహించాడు. క్రీస్తును తెలుగు రాగాల్లో కూర్చి పాడాడు. మనం మాత్రం ఇంగ్లీషు యాసలో "హల్లెలూయా" అని అరిచి, పక్కింటివాళ్లకు అర్థం కాలేదంటాం.

ఐదో మెట్టు: లడ్డూ

తిరుపతిలో ఈ ఘట్టం ప్రతి క్రైస్తవ ఇంట్లోనూ వస్తుంది. పక్కింటివాళ్లు దర్శనం చేసుకుని వచ్చి, మన గుమ్మం ముందు లడ్డూతో నిలబడతారు. మనకు ఇవ్వాలా వద్దా అని వాళ్లూ రెండు క్షణాలు ఆలోచించే ఉంటారు. అయినా తెచ్చారు.

విగ్రహాలకు అర్పించిన వాటి గురించి పౌలు మొదటి కొరింథీయులకు రాసిన పత్రికలో 8 నుంచి 10వ అధ్యాయం వరకు రాశాడు. విగ్రహం ఒట్టిదని తెలిసినవాడికి తినడంలో దోషం లేదన్నాడు. కానీ ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, వారి మనస్సాక్షి కోసం తినవద్దనీ అన్నాడు. నిజాయతీగల విశ్వాసులు దీన్ని రెండు రకాలుగా ఆచరిస్తారు. మా ఇంట్లోనే రెండు పక్షాలు ఉన్నాయి, నలభై ఏళ్లుగా రాజీ కుదరలేదు. ఎవరు గెలవాలో ఇక్కడ తేల్చను. ఎలా ప్రవర్తించాలో మాత్రం చెబుతాను.

మీరు తినేవారైతే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, దర్శనం ఎలా జరిగింది, ఎన్ని గంటలు పట్టింది అని అడగండి. తినని పక్షమైతే ఆ మాట గుమ్మంలోనే, నవ్వుతూ, మొదటిసారే చెప్పేయండి. "అక్కా, మీరు గుర్తుపెట్టుకుని తెచ్చారు, సంతోషం. మా నియమం వేరు కాబట్టి ప్రసాదం తీసుకోలేను. ఇది దీని విలువ తెలిసినవాళ్లకు ఇవ్వండి. మీ ఇంటి పులిహోర మాత్రం ఎప్పుడు చేసినా నా వాటా నాకు కావాలి." ఇలా అంటే నొచ్చుకున్నవాళ్లు నాకు తక్కువే. నియమం ఉన్న మనిషిని ఈ ఊరు గౌరవిస్తుంది. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు, మాలలో ఉండేవాళ్లు చుట్టూ ఉన్న ఊరు ఇది. క్షమించనిది ఒక్కటే: రెండు చేతులా తీసుకుని, తలుపు వేసి, చెత్తబుట్టలో వేయడం. మా సంఘంలో ఒక ఇంట్లో ఇది జరిగింది. ఆ ఇంటి ఐదేళ్ల పిల్లాడు మర్నాడు పక్కింటికి వెళ్లి చెప్పేశాడు. ఆ రెండు ఇళ్ల మధ్య ఇప్పుడు గోడ ఎత్తుగా ఉంది.

మే నెలలో గంగమ్మ జాతర చందాకు వస్తారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర ఈ ఊరి ఇంటి పండగ. వేషాలు వేసుకున్న పిల్లలు, పెద్దలు ఎండలో వీధులన్నీ తిరుగుతారు. "మేం క్రైస్తవులం" అని తలుపు వేసుకోకండి. "పూజ ఖర్చుకు ఇవ్వలేను తమ్ముడూ. వీధిలో మజ్జిగ కుండలు పెడతారు కదా, పెరుగు ఖర్చు నాది" అనండి. నేనైతే కుండ దగ్గర నిలబడి పోస్తాను కూడా. క్రిస్మస్‌కు వాళ్లను భోజనానికి పిలిచేటప్పుడు ఆ కుండ గుర్తుంటుంది. భోజనానికి పిలిస్తే శాకాహారులకు వేరే పొయ్యి మీద వండించండి, ప్రసంగం పెట్టవద్దు. కేకు గుడ్డు లేకుండా చేయించండి. మన తిరుపతి బేకరీల్లో దొరుకుతుంది.

ఆరో మెట్టు: ఆసుపత్రి వరండా

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సహోద్యోగిని తల్లి చివరి దశలో ఉండగా చూడటానికి వెళ్లాను. ఆత్రంలో, ఇప్పుడైనా యేసును నమ్ముకుంటే బతుకుతారు అన్నాను. మూడు రోజులకు ఆవిడ పోయారు. సహోద్యోగిని రెండేళ్లు నా ముఖం చూడలేదు. ఆమె కోపం న్యాయమైనది. తల్లి చావును ఆమె విశ్వాసం లేకపోవడానికి కట్టి చేతిలో పెట్టి వచ్చాను నేను.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది. వెళ్లేటప్పుడు ఫ్లాస్కులో కాఫీ, ఫోను చార్జరు, దుప్పటి తీసుకెళ్లండి. అటెండరుగా ఉన్న మనిషిని రెండు గంటలు ఇంటికి పంపి స్నానం చేసి రమ్మనండి. మందుల చీటీ పట్టుకుని మీరే దుకాణానికి వెళ్లండి. వచ్చేటప్పుడు మాత్రమే, ఒక్కసారే అడగండి: "మీ కోసం ప్రార్థన చేస్తాను. ఇక్కడ చేయమంటారా, ఇంట్లో చేసుకోనా?" ఇంట్లో అంటే ఇంట్లోనే. ఇక్కడే అంటే ఒక నిమిషం, తక్కువ గొంతుతో, మామూలు తెలుగులో. అడగకుండా తల మీద చెయ్యి వేయవద్దు. పక్క మంచం వాళ్లు ఉలిక్కిపడేలా గద్దించవద్దు. స్వస్థత గురించి మాట ఇవ్వవద్దు, అది మీ జేబులోది కాదు.

మందులు మానమని, ఆపరేషను వాయిదా వేయమని చెప్పేవారు క్రైస్తవులైనా సరే, అక్కడే ఆపండి. మన ప్రాంతపు చరిత్ర అందుకు విరుద్ధం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి 1915లో క్షయ రోగుల కోసం చికిత్సాలయం తెరిచాయి. క్షయకు సరైన మందే లేని రోజులవి. చిత్తూరుకు ఓ గంట ప్రయాణంలో ఉన్న వెల్లూరులో ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే ఇవాళ మన జిల్లాల వాళ్లు కష్టమైన జబ్బు వస్తే పరుగెత్తే క్రైస్తవ వైద్య కళాశాల. ప్రార్థన చేసేవాళ్లే అవి కట్టారు.

ఏడో మెట్టు: తప్పకుండా వచ్చే మూడు ప్రశ్నలు

"మీది విదేశీ మతం కదా?" దీనికి కోపం తెచ్చుకోకండి, దాచిపెట్టకండి. మన ప్రాంతంలో సంఘాలు ఎలా మొదలయ్యాయో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 1853లో స్కడర్ సోదరులు మొదలుపెట్టిన అమెరికా ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె వైపు పనిచేసింది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు వచ్చారు. వారి పని నుంచి ఎదిగిన దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికి ఇవాళ తిరుపతే కేంద్రం. నడిపేవాళ్లు మనవాళ్లే. తెల్లవాళ్లు రాక చాలా ముందు నుంచే కేరళలో క్రైస్తవులు ఉన్నారు. యేసు శిష్యుడు తోమా మైలాపూరులో చనిపోయాడన్నది వాళ్ల సంప్రదాయం. యేసు పుట్టింది బేత్లెహేములో, అది కూడా ఆసియాయే. ఇంత చెప్పి ఆగండి. వాదన గెలిచి స్నేహం పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

"మారితే డబ్బులిస్తారట కదా?" ఇది విన్నప్పుడు నాకు నవ్వొస్తుంది. ప్రతి ఆదివారం కానుకల సంచిలో వేసేది మేమేనని చెబుతాను. కానీ ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో కూడా ఆలోచించాలి. బియ్యం సంచి ఇచ్చి, వెంటనే కూటానికి రమ్మంటే ఎవరైనా లెక్క వేసుకుంటారు. నా నియమం ఒకటుంది: ఎవరికైనా ఫీజు కట్టినా, సాయం చేసినా, ఆరు నెలల వరకు వాళ్లను చర్చికి పిలవను. వాళ్లే అడిగినా "తొందరేం లేదు" అంటాను. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని యేసు అన్నాడు, దాని ఫోటో స్టేటస్‌లో పెట్టుకోమని అనలేదు.

"అయితే మా దేవుడు అబద్ధమా?" అన్నిటికన్నా కష్టమైనది ఇదే. జవాబు మృదువుగా ఉండాలి, అబద్ధం ఉండకూడదు. అన్నీ ఒకటేనని అనడం కూడా నాకు అబద్ధమే అవుతుంది, నేనలా నమ్మను కాబట్టి. యోహాను తొమ్మిదో అధ్యాయంలో చూపు వచ్చిన గుడ్డివాణ్ని పెద్దలు నిలదీశారు. అప్పుడతను వాదనకు దిగలేదు. నాకు ఒకటి తెలుసు, గుడ్డివాడిగా ఉన్నాను, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. నేను ఇలా చెబుతాను: "మీ దేవుడి గురించి తీర్పు చెప్పేంత దాన్ని కాను. యేసు ఒక్కడే దారి అని నేను నమ్ముతున్నాను, అది మీ దగ్గర దాచను. ఎందుకు నమ్ముతున్నానో మాత్రమే చెప్పగలను." తర్వాత అన్న, మామిడి తోట, బస్సు.

ఎనిమిదో మెట్టు: చదువుతామన్నప్పుడు

బైబిలు మొత్తం చేతిలో పెడితే ఆదికాండము నుంచి మొదలుపెట్టి లేవీయకాండము దగ్గర ఆగిపోతారు. మార్కు సువార్త ఒక్కటి ఇవ్వండి. పదహారు అధ్యాయాలే, ఒక ఆదివారం మధ్యాహ్నంలో అయిపోతుంది. ఇంకా చిన్నది కావాలంటే లూకా పదిహేనో అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ. ఆస్తి పంచమని తండ్రి బతికుండగానే అడిగిన కొడుకు ప్రతి పల్లెలోనూ ఉంటాడు, మన చిత్తూరు పల్లెల్లో ఇద్దరుంటారు.

పాత అనువాదంలోని "చెప్పెను, చేసెను, గూర్చి" మనకు చెవికింపుగా ఉంటాయి, కొత్తవాళ్లకు అడ్డం పడతాయి. వాడుక తెలుగు అనువాదాలు దొరుకుతున్నాయి, అవి ఇవ్వండి. పక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది. చదివాక అర్థం చెప్పడానికి ఎగబడకండి. "మీకేమనిపించింది?" అని అడిగి మూసుకోండి. నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ కథ చదివి, "టీచర్, పెద్ద కొడుకు కోపం కరెక్టే కదా?" అన్నాడు. అంతకన్నా మంచి ప్రశ్న ఏ ప్రసంగంలోనూ వినలేదు.

తొమ్మిదో మెట్టు: ఇంకా ముందుకు వస్తామంటే

ఇక్కడ మీరు తొందరపడితే ఎదుటివారి జీవితం చిక్కుల్లో పడుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారితో తల్లిదండ్రులకు తెలియకుండా ఏ సంభాషణా నడపవద్దు. స్త్రీలతో స్త్రీలే మాట్లాడాలి, లేదా భార్యాభర్తలు కలిసి వెళ్లాలి. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా బాప్తిస్మం ఇప్పించవద్దు. ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు, కానీ కనీసం తెలియాలి.

కులం ధ్రువపత్రం సంగతి ముందే స్పష్టంగా చెప్పండి. ఇది మన పాస్టర్లలో చాలామంది దాటవేసే విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు వర్తించదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ-సి కింద వస్తారు. షెడ్యూల్డ్ తెగలకు ఈ మత నిబంధన లేదు. చదువు, ఉద్యోగం మీద ఇది ఎలా పడుతుందో తెలిసిన వకీలును అడిగి నిర్ణయించుకోమనండి. కాగితంలో ఒకటి, ఆదివారం ఒకటిగా బతకమని సలహా ఇవ్వకండి. సత్యం గురించి చెప్పడానికి వెళ్లి అబద్ధంతో మొదలుపెట్టించడం ఏం పని?

వద్దన్నప్పుడు

చాలామంది వద్దనే అంటారు. కొందరు నవ్వి మాట మారుస్తారు. ఒకసారి స్పష్టంగా వద్దన్నాక మళ్లీ మీ అంతట మీరు ఎత్తవద్దు. వేరే సోదరిని పంపి ఇంకోసారి చెప్పించడం, వారి పిల్లల ద్వారా ప్రయత్నించడం, "చివరి రోజులు" అని భయపెట్టడం, ఇవన్నీ మానేయండి. స్నేహం మాత్రం అలాగే నడవనివ్వండి. వద్దన్న వారం తర్వాత మీరు పలకరించే తీరును వాళ్లు గమనిస్తారు.

మా పక్కింటి అక్క పద్నాలుగేళ్ల కిందటే నాతో చెప్పేసింది: "నాకు వెంకన్న చాలు, నువ్వు చెప్పకు." సరే అన్నాను. ఆ తర్వాత ఆవిడ మోకాలి ఆపరేషనుకు వెల్లూరు వెళ్లాం, మా ఆయన పోయినప్పుడు మూడు రోజులు ఆవిడే మా ఇంట్లో వండింది. మొన్న మనవడి నీట్ పరీక్ష రోజు పొద్దున్నే ఫోను చేసింది. కొండకు నడిచి వెళుతున్నానని, మెట్ల మీద ఉన్నానని చెప్పింది. "నువ్వు కూడా మీ ఆయనకు చెప్పు" అంది. "మీ ఆయన" అంటే యేసు. పదకొండున్నరకు పిల్లాడు గేటు లోపలికి వెళ్లాలి, ఆ లోపల చెప్పమంది. నేను అప్పుడు దోసెలు వేస్తున్నాను. పొయ్యి ఆపేసి, అక్కడే నిలబడి చెప్పాను.